జానెడు మీద నాలుగు వేళ్లు

తొమ్మిది రోజుల్లో పదకొండోసారి
వెనక చక్రం నిట్టూర్చింది.
ఉస్త్‌యుర్త్ పీఠభూమి మీద
ఆ నిట్టూర్పు విన్నవి రెండే ప్రాణాలు:
నేనూ, రోడ్డు మధ్యలో నిలబడి
నెమరేస్తున్న ఒక ఒంటె.
దానికేం తోచిందో, పక్కకి తప్పుకుంది.

ట్యూబు బయటికి లాగడం,
తాగే నీళ్లలోంచి గుక్కెడు దానిమీద పోసి
బుడగ కోసం వెతకడం,
గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, ఊది,
అతుకు వేసి
బొటనవేలితో అదిమిపట్టి వంద లెక్కపెట్టడం
చేతులకి కంఠతా వచ్చేసింది.
కంఠతా వచ్చిన పనికి కళ్లుండవని
అప్పటికింకా తెలీదు నాకు.

బేయ్‌నెవు దాటాక, సరిహద్దుకి ఇవతల,
లారీలు ఆగేచోట ఒక రేకుల షెడ్డు.
గుమ్మానికి అరిగిన టైరు వేలాడుతుంటే
ఏ భాషలో రాసినా అది పంక్చరు షాపే.

లోపల ఉల్‌బోసిన్. యాభై దాటి ఉంటాయి.
నా దుమ్ము మొహం చూసి నవ్వలేదు,
అతుకుల ట్యూబు చూసి నవ్వింది.
నాకొచ్చిన కాస్త రష్యన్‌లోకి
తన మాటల్ని కుదించి,
"ముందు అతుకు వెయ్యకు. ముందు అడుగు," అంది.
ఎవర్ని?
"దాన్నే."

సంచిలో ఉన్న నాలుగు ట్యూబులూ తెమ్మంది.
టీ గిన్నెలు పక్కకి జరిపి
వాల్వులన్నీ ఒక్క గీత మీదికి తెచ్చి పరిచింది.
టైరు మీది పేరు ఎప్పుడూ
వాల్వుకి ఎదురుగా ఉండేట్టు తొడగడం నా షోకు.
"షోకు కాదు, సాక్ష్యం," అంది.

జాన చాచింది. దాని పక్కన నాలుగు వేళ్లు.
మొదటి ట్యూబుకి అతుకు సరిగ్గా అక్కడే.
రెండోదానికి అక్కడ అతుకు మీద అతుకు.
మూడోదానికి ఎడమకి బదులు కుడివైపు.
తిరగేసి పరిచింది,
సరిపోయింది.
చిల్లులన్నీ నేలవైపే;
లోపలివైపు ఉంటే ఊచల్ని అనుమానించేదట.
నాలుగోదానికి మాత్రం జంట చిల్లులు, పాముకాటులా.
"గాలి చాలక రాయి కొరికింది. ఇది నీ బద్ధకం.
ఆ మూడూ వేరే."

టైరుని లోపలినుంచి ఎన్నిసార్లు తడిమానో!
ఏమీ లేదన్నాను.
వేలు భయస్థురాలు, గుచ్చుకోకముందే జారుకుంటుందంటూ
మూలనున్న ఒంటెబొచ్చు పిడికెడు తీసి
టైరు లోపల మెల్లగా తిప్పుకుంటూ పోయింది.
జానెడు మీద నాలుగు వేళ్ల దగ్గర
ఒక్క పోగు ఆగిపోయింది.

కనుబొమ్మలు దిద్దుకునే చిమటాతో లాగితే
వెంట్రుకంత ఉక్కు తీగ,
ఎక్కడో పేలిన లారీ టైరుది.
బరువు పడితే తల ఎత్తుతుంది,
చక్రం విప్పగానే తల దించుకుంటుంది.
దానికోసం నేను
పదిసార్లు ట్యూబుకి మందు రాశాను.

టీ తాగుతూ పేరుకి అర్థం అడిగాను.
"కొడుకు పుట్టనీ, అని.
ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాకీ పేరు పెట్టారు.
నా తర్వాత ఇంకో ఇద్దరు చెల్లెళ్లు."
గిన్నె వంచి చివరి చుక్క నేలమీద పారబోసింది.
"అతుకు నాకు వేశారు. చిల్లు నాలో లేదుగా."

తీగ తీసినందుకు డబ్బు పుచ్చుకోలేదు,
పాముకాటుకి పుచ్చుకుంది.
వెళ్తుంటే వెనకనుంచి కేకేసింది:
రాత్రి గుడారానికని రోడ్డు దిగేటప్పుడు
సైకిల్ని నడిపించొద్దట, భుజానికెత్తుకోవాలట.
ఎందుకో ఆ సాయంత్రమే తెలిసింది.
మన పల్లేరుకి చుట్టంలాంటిది
ఇక్కడా నేలకి అంటుకుని పడుకుని ఉంది,
మూడు కొమ్ములూ పైకి పెట్టి.

ఒంటెబొచ్చు పనిముట్ల సంచిలో ఉంది.
రోజూ పొద్దుగూకేవేళ
చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక చుట్టు తిప్పి చూస్తాను,
బొటనవేళ్లతో నొక్కి గాలి చూస్తాను.

పన్నెండోది నుకూస్ పొలిమేరలో,
నాలుగు వందల కిలోమీటర్ల తర్వాత.
పిల్లలు చుట్టూ మూగి
జిగురు డబ్బా మూత తీసి మరీ అందించారు.
తీసుకోలేదు.
ముందు అడిగాను.